చికిత్సయే నివారణ: హెచ్.ఐ.వి. విధానము – మన కర్తవ్యము

చికిత్స కన్న నివారణ మేలని పెద్దలందురు. కాని హెచ్.ఐ.వి. విషయమున ఈ రెండును వేరు కావని గ్రహించుటకు ప్రపంచమునకు చాలకాలము పట్టినది. ఆ గ్రహింపు ప్రభుత్వ విధానముగా ఎట్లు రూపొందినదో, అందు మన వంతు ఏమో ఈ వ్యాసమున పరిశీలింతము.

మన దేశమున ఈ క్రిమి ఉనికి 1986లో మద్రాసున డాక్టర్ సునీతి సొలొమన్ పర్యవేక్షణలో జరిగిన పరీక్షల వలన మొదట బయటపడినది. ఆనాడు విధానమును భయమే నడిపినది. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకునికి ఈ క్రిమి సోకినదని తెలిసి, నాటి రాష్ట్ర చట్టము ననుసరించి ఆయనను నిర్బంధించిరి. పరీక్షకు పోయినచో నిర్బంధము తప్పదనిన, పరీక్షకు పోవువారెవరు? రోగి దాగును, రోగము మాత్రము ఆగదు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడెను. అధిక వ్యాప్తి గల రాష్ట్రములుగా ఆ సంస్థ గుర్తించిన ఆరింటిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మూడు మందుల సమ్మేళనము ప్రాణము నిలుపగలదని 1996 నాటికే తేలినది. అయితే ఒక్క రోగికి సంవత్సరమునకు 10,000 డాలర్లకు పైగా వ్యయమగుచుండెను. 2001 ఫిబ్రవరిలో సిప్లా సంస్థాధిపతి యూసుఫ్ హమీద్ ఇట్టి సమ్మేళనమును ఒక అంతర్జాతీయ వైద్యసేవా సంస్థకు 350 డాలర్లకే ఇత్తుమని ప్రకటించిరి. మన 1970 నాటి పేటెంటు చట్టము మందునకు గాక, దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నిచ్చుట వలన ఇది సాధ్యమైనది. తరువాత హైదరాబాదులోని హెటిరో, అరబిందో సంస్థలును ఈ మందులను తయారుచేసి పేదదేశములకు పంపినవి. ఢిల్లీలో వ్రాసిన ఒక చట్టము ఆఫ్రికాలో ప్రాణములు నిలిపినది. విధానమునకు గల శక్తి అట్టిది.

2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుట ప్రారంభించినది. దంపతులలో ఒకరికి మాత్రమే క్రిమి సోకినపుడు, ఆ వ్యక్తికి ముందుగానే మందులిచ్చినచో రెండవవారికి సోకుట 96 శాతము తగ్గునని 2011లో ఒక అంతర్జాతీయ పరిశోధన తెల్పినది. చికిత్సయే నివారణ యైనది! 2017 నుండి క్రిమి ఉన్నదని తేలిన ప్రతివారికిని వెంటనే మందులిచ్చుట మన దేశ విధానము.

కాని మందు అందవలెనన్న మొదట మనిషి పరీక్షకు రావలెను. ఆ ధైర్యమునిచ్చుటకే 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము చేయబడి, 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చినది. తెలియజెప్పి అంగీకారము పొందనిదే పరీక్ష చేయరాదు. రోగి విషయమును అతని సమ్మతి లేక వెల్లడింపరాదు. ఉద్యోగమున, విద్యలో, అద్దె ఇంటిలో వివక్ష చూపరాదు. చట్టమునకు విరుద్ధముగా నడచినపుడు విచారించుటకు రాష్ట్రము అంబుడ్స్‌మన్‌ను నియమింపవలెను. అయితే ప్రభుత్వము మందులనందించు బాధ్యతకు ‘సాధ్యమైనంతవరకు’ అను మాటను ఈ చట్టము చేర్చినది. ఈ ఒక్కమాట రోగి హక్కును బలహీనపరచునని మేము భావింతుము.

2016లో పాత వరంగల్లు జిల్లా నుండి ఏర్పడిన మన మూడు జిల్లాలను చూడుడు. జనగామ మీదుగా హైదరాబాదు రహదారి, మానుకోట మీదుగా రైలుమార్గము, భూపాలపల్లిలో బొగ్గుగనులు. లారీ డ్రైవర్లు, వలసకూలీలు ఇల్లు విడిచి దూరమున బ్రతుకువారు. వారిని నిందించుట విధానము కాదు. వారిని చేరుకొనుటయే విధానము. ప్రభుత్వ కేంద్రములలో పరీక్ష ఉచితము, గోప్యము. 1097కు ఫోను చేసి సలహా పొందవచ్చును.

విద్యార్థులారా! చదువనివారికి చట్టము కాగితము మాత్రమే. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును కలవు. ఈ చట్టపు ముఖ్యాంశములను రెండు భాషలలోను వ్రాసి మీ బస్తీకి, మీ తండాకు కొనిపొండు. మన ప్రాంతమునకు అంబుడ్స్‌మన్ ఎవరని అధికారులను వినయముగా అడుగుడు. ఆ ప్రశ్నతోనే విధాన నిర్మాణమున మీ పాలు ఆరంభమగును.