మ్రాన్పడినవాడు తేరుకొను విధము

2013 ఫిబ్రవరి 21వ తేది రాత్రి 7 గంటల ప్రాంతమున హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో వెంటవెంటనే రెండు బాంబులు ప్రేలెను. అచటినుండి ఎల్.బి.నగరు పోవు దారిలోనే, కొత్తపేటలో, ఆ కాలమున పండ్ల మార్కెట్టు ఉండెడిది. బత్తాయి, మామిడి తెచ్చు రైతులకు ఆ త్రోవ చిరపరిచితము. ఇట్టి యాపదలో కొందఱు పరుగిడుదురు. కొందఱు కాలు కదలక, నోరు పెగలక మ్రాన్పడుదురు. వీరిని పిఱికివారనుట అన్యాయము.

గ్రద్ద నీడ పడగానే కోడిపిల్ల నేలకఱచుకొని యుండుట మీరెఱుగుదురు. కదలనిది శత్రువు కంట సులభముగా పడదు. మన దేహమునందును ఈ యేర్పాటు కలదు. ఆలోచనకు పూర్వమే కండరములు బిగియును. గుండె వేగము సైతము కొంత తగ్గవచ్చును. వడగండ్లకు రాలిన తోటను చూచి గట్టున కూలబడి పలుకని రైతు స్థితియు దీనికి దగ్గఱిదే. సంఘ కార్యదర్శులకొక మాట: గడువు దాటిన బాకీదారుడు ప్రశ్నకు బదులీయక నిలిచినచో, అది మొండితనమని వెంటనే తలపరాదు.

అట్టివానిని కుదుపరాదు, గద్దింపరాదు. ప్రక్కన కూర్చుండి మెల్లగా పేరు పెట్టి పిలువుడు. కాలివ్రేళ్లను నేలకదిమి కదల్పుమనుడు. ఊపిరి తీయుటకన్న విడుచుట దీర్ఘముగా నుండవలెను. ఎదుటనున్న ఎద్దును, చెట్టును, బావిని పేర్కొనుమని, పిదప నాలుగడుగులు నడిపింపుడు. వణకు గాని యేడ్పు గాని వచ్చినచో ఆపవలదు. అప్పుల ప్రసంగము మఱునాటికి ఉంచుడు.

నెల దాటినను భయము వదలక, నిద్ర పట్టనిచో వైద్యుని చూడవలెను. టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగున మాటాడుదురు, రుసుము లేదు.