గోధుమ బీరునందలి అరటిపండు పరిమళము

ప్రశ్న: హైదరాబాదులోని యొక మైక్రోబ్రూవరీలో గోధుమ బీరు త్రాగితిని. అరటిపండు వాసన వచ్చినది. ఎసెన్సు కలిపియుందురా? ఇట్టిదాని నాస్వాదించు విధమేమి?

జవాబు: కలుపనక్కరలేదు. జర్మనీలోని బవేరియా ప్రాంతమునకు చెందిన హెఫెవైజెన్ అను ఈ జాతి బీరునకు అరటిపండును, లవంగమును తలపించు పరిమళము సహజలక్షణము. మొలకెత్తించి యెండబెట్టిన గోధుమలను బార్లీతో గూర్చి నానవేసి తీసిన తియ్యని ద్రవమును పులియజేయు ఈస్టు, అందలి చక్కెరను ఆల్కహాలుగా మార్చుచునే, ఐసోఅమైల్ అసిటేట్ అను ఎస్టరును గూడ పుట్టించును. పండిన అరటిగెలయందు గుబాళించునదియు ప్రధానముగా నదియే. లవంగపు వాసనయు ఈస్టు చలువయే. ఈ బీరునందు కానవచ్చు మసకదనము గూడ దోషము గాదు.

చల్లదనము మితిమీరినచో నీ పరిమళము లణగిపోవును గావున, 7 మొదలు 10 డిగ్రీల సెల్సియస్ వరకు వచ్చుదాక నోపికపట్టి, నురుగు నిలిచియుండగనే ముందుగా వాసన జూచి, పిదప చిన్న గుక్కను నాలుకపై త్రిప్పి మెల్లగా మ్రింగవలెను. మ్రింగిన వెనుక మిగులు రుచిని గూడ గమనింపవలెను. నంజుకొనుటకు ఉప్పు తక్కువైన వేరుసెనగలు చాలును. మిరపకాయ బజ్జీ తినుచు లవంగమును వెదకువారి సాహసమునకు నమస్కారము! వెన్నవాసన గాని, వెనిగరు పులుపు గాని తోచినచో మాత్రము గ్లాసు మార్చుమని నిస్సంకోచముగా నడుగవచ్చును.