ఎఱ్ఱచందనపు తోటలలో కలుపుతీత, ఎరువు

ఎఱ్ఱచందనము తూర్పుకనుమల దక్షిణభాగమున శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు మొదలగు కొండలయందు సహజముగా పెరుగు వృక్షము. చిత్తూరు, తిరుపతి ప్రాంతముల మెట్టభూములలో పట్టాదారులు దీనిని తోటగా కూడ నాటుచున్నారు. చెట్టు చేవదేరుటకు ఏండ్లు గడవవలెను. తండ్రి నాటినదానిని కొడుకు నఱకుట కలదు. నఱకుటకును, తరలించుటకును అటవీశాఖవారి అనుమతి వలయును. ఇంతకాలము నిలువవలసిన పైరునకు తొలి మూడేండ్ల పోషణయే పునాది. ఆ కాలమున ఎరువునకు వెచ్చించు ధనము ఫలించుట కలుపుతీతపై ఆధారపడి యుండును.

1. కలుపువలన కలుగు నష్టము

లేతమొక్క వేళ్లును, గడ్డివేళ్లును నేల పైపొరయందే యుండును. గడ్డివేళ్లు దట్టముగా నల్లుకొని, వాననీటిని మొక్కకంటె ముందుగా పీల్చివేయును. వానలు వెనుకబడిన నెలలలో మొక్క వాడుటకు ఇదియే ముఖ్యకారణము. ఎఱ్ఱచందనము వెలుతురును కోరు చెట్టు గనుక, ఏపుగా పెరిగిన కలుపునీడలో అది గిడసబారును. వేసవిలో ఎండిన గడ్డికి నిప్పంటుకొనినచో ఒక్కపూటలో తోటయంతయు నశింపవచ్చును.

2. కలుపు తీయు విధము

మొక్క మొదలునుండి చుట్టును రెండు మూరల మేర గడ్డిని వేళ్లతో తీసివేయవలెను. మొదలువద్ద లోతుగా త్రవ్వరాదు, వేళ్లు తెగును. తీసిన గడ్డిని గింజ పట్టకముందే మొదలుకు కొంచెము ఎడముగా పఱచినచో తేమ నిలుచును. తొలకరి వానల తరువాత ఒకమాఱును, ఆశ్వయుజ కార్తికముల వానలు వెలిసిన పిదప మఱియొకమాఱును ఈ పని తప్పక జరుగవలెను. సాళ్లనడుమ తొలి రెండు మూడేండ్లు వేరుసెనగ గాని ఉలవ గాని వేసినచో, ఆ పైరునకు తోలు గుంటకయే తోటకును మేలుచేయును. కొమ్మలు కలిసి నీడ క్రమ్మిన పిదప గడ్డి తానే పలుచబడును.

3. ఎరువు వేయు విధము

కలుపు తీయక చల్లిన ఎరువు గడ్డినే బలపఱచును. మొక్కకు పోటీ మఱింత హెచ్చును. కావున కలుపు తీసిన పిదప, నేల తడిగా నున్నప్పుడే ఎరువు వేయవలెను. పొడినేలలో లవణములు కరగవు, వేళ్లకందవు. నాటునప్పుడు గుంటలో బాగుగా చివికిన పశువుల ఎరువును మన్నుతో కలుపుట శ్రేష్ఠము. ఎఱ్ఱచందనము పప్పుజాతి చెట్టు. వేళ్లపై బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని దానికి సమకూర్చును. కావున బుడిపెలు లేని నీలగిరిచెట్టునకు వలె దీనికి నత్రజనిని మిక్కుటముగా వేయ బనిలేదు. భాస్వరము కొఱతగా నున్న నేలలో భాస్వరపు ఎరువు వేళ్లకును, బుడిపెలకును బలమిచ్చును. మట్టిని పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించుట మేలు.

మ్రాను లావెక్కుట వేఱు, చేవ హెచ్చుట వేఱు. వెల పలుకునది లోపలి ఎఱ్ఱని చేవయే గాని, పైనుండు తెల్లచెక్క కాదు. ఎరువుతో మొక్క త్వరగా ఎదిగినంతమాత్రమున చేవయు త్వరగా వచ్చునని తలపరాదు.

4. స్వయముగా పరీక్షించుట

సందేహము గల రైతు ఒకేతీరు నేలలో నాలుగు సాళ్లను ఎంచుకొనవలెను. ఒకదానిని అట్లే విడిచి, ఒకదానికి కలుపు మాత్రము తీసి, ఒకదానికి ఎరువు మాత్రము వేసి, ఒకదానికి రెండును చేయవలెను. ఏటేట మొక్కల ఎత్తును, మొదలు చుట్టుకొలతను కొలిచి వ్రాసి యుంచినచో, తన నేలకు దేనివలన ఎంత లాభమో తన కంటనే తెలిసికొనగలడు.