పేజ్‌మేకర్ పని ఆగకుండా లినక్స్‌లోకి

ప్రశ్న: హయత్‌నగర్‌లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని ఉబుంటు లినక్స్ వేయించాను. తెలుగు టైపింగ్‌కు వాడే అను, పేజ్‌మేకర్ ఎక్కడం లేదు. పాత పెళ్లిపత్రికల ఫైళ్ల సంగతేంటి సార్?

జవాబు: ముందు ఆ ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌తో తంటాలు పడొద్దు. పేజ్‌మేకర్ తెరుచుకున్నా అను కీబోర్డు మొరాయించవచ్చు. ఉబుంటు లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో మీ లైసెన్సున్న పాత విండోస్ ఎక్కించండి, దానికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. పాత కార్డులు అక్కడే దిద్ది, పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఇవతలికి తెచ్చుకోండి.

కొత్త పని యూనికోడ్‌లోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. అనులో మీరు కొట్టిన తెలుగు అక్షరం కంప్యూటర్ లెక్కలో ఇంగ్లిష్ గుర్తే. అందుకే లిబ్రెఆఫీస్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. చేతికి యాపిల్ కీబోర్డు అలవాటైతే బెంగలేదు, ఉబుంటులో టైపింగ్ సంగతి చూసే ఐబస్‌కు ఎం17ఎన్ కీబోర్డుల ప్యాకేజీ జోడిస్తే తెలుగు యాపిల్ లేఅవుట్ దొరుకుతుంది. పేజీ కట్టడానికి స్క్రైబస్ 1.6 వాడండి. రామభద్ర, మల్లన్న ఫాంట్లు ఉచితమే. మొదటి పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒక ప్రూఫ్ తీయించి చూడండి.