మడబురదలోని చిన్న ప్రాణులును, మన మురుగునీరును

వరిచేని గట్టునకు బొరియ పెట్టి నీరు పోగొట్టు పీతను తిట్టని రైతు లేడు. ఆ తిట్టు న్యాయమైనదే. అయితే దాని జ్ఞాతులగు సముద్రపు పీతలు, రొయ్యలు మనకు శత్రువులు కావు. వానికిని మన చేలకును నడుమ నున్నది ఒక్క మురుగుకాలువయే.

కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవి కలదు. గౌతమీ గోదావరి పాయలు తెచ్చు ఒండ్రు ఇచ్చట పోటునీటితో కలియును. సుమారు 16 కిలోమీటర్ల పొడవుగల హోప్ దీవి యను ఇసుకతిన్నె పెద్ద అలల నడ్డగించుటచే లోపలి సముద్రము లోతు తక్కువై నిలకడగా నుండును. 1978లో ప్రభుత్వమువారు ఈ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి.

పోటు తీసినవేళ ఆ బురదను చూడవలెను. గడియసేపు కదలక నిలిచినచో వేలకొలది బొరియలనుండి చిన్న పీతలు వెలువడును. మగపీత ముందరికాళ్లలో ఒకటి దాని దేహమంత పెద్దది. ఆడదానికి సైగ చేయుటకు, తోటిమగవానితో పోరుటకు తప్ప తిండికి పనికిరాదు. చిన్నకాలితో బురదను నోటి కందించుకొని, అందలి నాచును, ఆకుపొడిని గ్రహించి, మిగిలిన మట్టిని ఉండలుచేసి విడుచును. మరియొక జాతిపీతలు రాలిన మడ ఆకులను బొరియలలోనికి లాగికొనిపోవును. మనము జీలుగను దమ్ములో త్రొక్కించుటకును దీనికిని భేదమేమి? ఆ బొరియలగుండనే గాలి నల్లబురదలోనికి దిగి వేళ్లకు మేలుచేయును.

టైగరురొయ్య సముద్రములో లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు రెండుమూడు వారములు రూపములు మార్చుకొనుచు తేలియాడి, పోటుతో ఉప్పుటేళ్లలోనికి వచ్చి, మడవేళ్లనడుమ కొన్ని నెలలు పెరిగి మరల సముద్రమునకు పోవును. ఇది రొయ్యకు నారుమడి. నారుమడి చెడిన యేట చేనేమగునో రైతునకు చెప్పనక్కరలేదు.

పురుగునకును పీతకును చుట్టరికము కలదు. రెండింటికిని ఎముకలు లేవు. పైపెంకు, కణుపుకాళ్లు కలవు. రెండును కుబుసము విడుచును. కావున పురుగును చంపు మందు రొయ్యనును చంపును. సైపర్‌మెత్రిన్ వంటివి అత్యల్పముగా కలిసినను దానికి ప్రాణాంతకములు. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు నిషేధించెను. మందు పోయెను గాని మన అలవాటు పోలేదు.

ఇతరుల ననుటకు మాకు మోమోటము కలదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక ప్రదర్శన ముగియగానే మేమే స్ప్రేయరును మురుగుకాలువలో కడిగించితిమి. మరునాడు చిన్నరొయ్యలు తెల్లబడి గట్టువెంబడి తేలియుండెను. అచ్చట వల వేయవచ్చిన ముసలివాడు మమ్మేమియు ననలేదు. వల మడిచి భుజమున వేసికొని వెడలిపోయెను. అతడు తిట్టినను బాగుండెడిది.

మందు చల్లిన పిమ్మట వారము దినములైనను మడవ తెరువరాదు. వానమబ్బు పట్టియున్నపుడు చల్లరాదు. స్ప్రేయరు కడిగిన నీటిని ఆ చేనియందే చల్లవలెను. ఖాళీ డబ్బాలను కాలువలో వేయరాదు. పల్లపుచేలలో నీరు తీయక తప్పదని మే మెరుగుదుము. అట్టివారు ముందుగా నీరు తీసి, గట్టులోని పీతబొరియలు పూడ్చి, పిదప మందు చల్లవలెను.