మరల వచ్చిన రైలు

గద్వాలకు రైలు గలదు. వనపర్తి పేరిట నున్న స్టేషను ఊరికి దూరముగ నున్నది. నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలుమార్గమే లేదు. లేనిదానికై ఎదురుచూచుట కష్టము; ఉన్నదానిని పోగొట్టుకొనుట అంతకంటెను కష్టము. గౌతమీ తీరమందలి కోటిపల్లి అట్టి కష్టమును చవిచూచెను.

1928లో కాకినాడనుండి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధము రాగా, 1940లో యుద్ధావసరములకై పట్టాలను పెరికి కొనిపోయిరి. స్టేషన్లు మూగవోయెను. అయినను ప్రజలు తమ రైలును మరువలేదు. లోక్‌సభాధ్యక్షుడు జి.ఎం.సి. బాలయోగి ఆ మార్గమును పునరుద్ధరించుటకు పాటుపడెను. 2002లో ఆయన దివంగతుడయ్యెను. 2004లో బ్రాడ్‌గేజి పట్టాలపై రైలు మరల కోటిపల్లి చేరెను. మార్గమును తొలగించుటకు ఒక్క ఉత్తరువు చాలినది; తిరిగి నిలుపుటకు 64 ఏండ్లు పట్టినవి.