ఒక్క రాత్రి విడిది

సాయంకాలము ఊరు విడిచి, రాత్రి ఆరుబయట గడపి, మరునాటి ఉదయమున ఇల్లు చేరుట వలన ప్రయోజనమేమి? దీనికై చేయవలసిన యేర్పాటులు అల్పములు కావు. బియ్యము, పప్పు కొలిచి మూటలు కట్టుకొనవలెను. గిన్నెలు, కంబళ్లు, దీపములు, నీటి డబ్బాలు మోయవలెను. తల్లిదండ్రుల యనుమతి పొందవలెను. డేరా నిలుపుటకు ఒక గంట, వంటకు రెండు గంటలు, తెల్లవారిన పిదప సమస్తమును విప్పి కట్టుటకు మరియొక గంట పట్టును. అయిదు రాత్రులు ఉండినను ఈ శ్రమ ఇంచుమించుగా ఇంతే. కావున ఒక్క రాత్రికై ఇంత పాటుపడుట వ్యర్థమని పలువురు తలంతురు. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు.

నేను పాలమూరు ప్రాంతమున ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఎనిమిదవ తరగతి పిల్లలను సమీపమునందలి గుట్ట చెంతకు ఒక రాత్రికి తీసికొనిపోవ సంకల్పించితిని. అది విని ఒక విద్యార్థి తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయన వేరుసెనగ పండించు రైతు. “ఒక్క రాత్రికి గింత తిప్పలెందుకు సారూ? మేము చేను కాడ దినాము పండుకుంటలేమా?” అని యడిగెను. ఆయన మాట నిజము. అడవిపందులు చేను పెళ్లగించకుండ ఆ బాలుడును తండ్రితో పాటు మంచెపై రాత్రులు గడపుచుండెను. ఆ రాత్రులు అతనికి విహారములు కావు. నిద్ర చాలక మరునాడు తరగతిలో కునికిపాట్లు పడుటయే వాని ఫలము. అట్టివానికి ఆరుబయట నిద్రించుట నేర్పెదమనుట నవ్వులాటయే యగును.

“మీవాడు నేర్చుకొనుటకు కాదు, తక్కినవారికి నేర్పుటకు రావలెను” అని నేనంటిని. ఆయన కొంతసేపు ఆలోచించి, ఆ రాత్రి కావలికి తన తమ్ముని కుదిర్చి కొడుకును పంపెను. వాచకము చదువుటలో తడబడు ఆ బాలుడు గాలి వచ్చు దిక్కు చూచి పొయ్యి రాళ్లు పేర్చెను. పుల్లల కుప్పలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదల్చి చూడవలెనని చెప్పెను. చీకటిలో వినబడిన కూత నక్కదో, గుడ్లగూబదో వేఱుచేసి తెలిపెను. అతని పేరు పిలిచి సలహా యడుగుట ఆ తరగతి పిల్లలలో నేను అంతకుముందు వినియుండలేదు. నాలుగు గోడల నడుమ కూర్చున్న యెడల సంవత్సరమంతయు గడచినను తెలియని విషయమిది.

ఇక బరువు సంగతి. మన జిల్లాలలోని గొల్లలు, కురుమలు గొఱ్ఱెల మందలతో మేతకై నెలల తరబడి ఊరూర తిరుగుదురు. రాత్రి యగుసరికి ఎవరి పొలముననో మంద నిలుపుదురు. గొఱ్ఱెల పెంటికలు, మూత్రము ఆ నేలకు మంచి యెరువు. అందులకై రైతు వారికి ధాన్యమో, రొక్కమో యిచ్చును. మనము వినోదమని తలచు ఒక రాత్రి విడిది వారికి జీవనోపాధి. వారి వెంట నుండు సామాను చూడుడు: ఒక గొంగడి, ఒక కఱ్ఱ, వంటకు ఒకటి రెండు గిన్నెలు. దక్కను గొఱ్ఱెల నల్లని ఉన్నితో నేసిన ఆ గొంగడి పఱచిన పక్క యగును. కప్పిన దుప్పటి యగును. తలపై మడిచి వేసికొన్న వాన నాపును. మనకు ఒక రాత్రి విడిది భారముగా తోచుటకు సగము కారణము మనము ఇంటిని వెంట మోసికొనిపోవుటయే. వానలేని పుష్య మాసపు రాత్రికి డేరా యేల? గొంగడి చాలును. డేరా విడిచిన యెడల ఒక గంటకు పైబడిన శ్రమ తప్పును.

నిజముగా బరువైనది నీరు. త్రాగుటకు, వంటకు కలిపి తలకు నాలుగు లీటర్లు వేసికొన్నను, పన్నెండుమందికి నలువదియెనిమిది లీటర్లు. అనగా నలువదియెనిమిది కిలోగ్రాములు. కావున విడిది యెన్నుకొనునపుడు దృశ్యసౌందర్యమునకు ముందు నీటి వసతి చూడవలెను. నల్లగొండ ప్రాంతమున ఇంకొక జాగ్రత్త కలదు. ఇచ్చటి పెక్కు గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా నున్నది. ఎముకలను వంచు ఆ వ్యాధిని ఎఱుగని కుటుంబము మునుగోడు, మఱ్ఱిగూడ ప్రాంతములలో అరుదు. నీరు కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు పెరుగును. ఒక్క రాత్రి త్రాగినంతనే ఆ జబ్బు రాదు. అయినను శుద్ధిచేసిన కుళాయి నీరు ఊరిలో పట్టుకొని పోవుట మేలు. ఈ సంగతి పాఠ్యపుస్తకమున చదివి మఱచిన పిల్లలు, బిందె మోసిన పిదప మఱవరు.

ఇంత చేసి పొందునదేమి? పగటి వనభోజనమున దొరకనిది ఏమైన నుండవలెను; లేనిచో సాయంకాలమే యిల్లు చేరవచ్చును. అట్టిది ఆకాశము. అమావాస్యకు దగ్గఱగా, జనవరి నడుమ, ఊరి దీపములకు దూరముగా నుండి చూడుడు. ఎనిమిది గంటలకు తూర్పున వేటగాని నడుమునందలి మూడు చుక్కలు పైకి వచ్చియుండును. నడినెత్తి సమీపమున మన పల్లెవారు పిల్లలకోడి యనెడి కృత్తికలు కనబడును. పదకొండు గంటల వేళకు సప్తర్షులు ఏడుగురును ఈశాన్యమున వెలువడుదురు. దక్షిణమున అగస్త్య నక్షత్రము వెలుగుచుండును. తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి చూచిన, వేటగాడు పడమట అస్తమించియుండును. సప్తర్షులు ఉత్తరమున ఎత్తుగా నిలిచియుందురు. భూమి తిరుగుచున్నదని ఏడవ యేట చదివిన మాటను కన్నులతో చూచుటకు ఒక రాత్రి కావలెను. ఒక గంట చాలదు. రెండు రాత్రులు అవసరము లేదు.

ధ్రువ నక్షత్రమును కూడ కొలువవచ్చును. చేయి చాచి పిడికిలి పట్టిన, ఆ పిడికిలి ఆకాశమున దాదాపు పది డిగ్రీలు కప్పును. నేలయు ఆకాశమును కలియు చోటునుండి పిడికిలిపై పిడికిలి పేర్చుకొనుచు పోయిన, నల్లగొండలోను మహబూబ్‌నగరులోను ధ్రువుడు రెండు పిడికిళ్లకు కొంచెము లోపుననే దొరకును. మనము ఇంచుమించు పదునేడవ అక్షాంశముపై నున్నాము గదా! ఢిల్లీ నగరమున నుండి చూచిన మూడు పిడికిళ్ల దాపున నుండును. పటమునందలి గీత చేతికందుట అనగా ఇదియే.

చలిని గూర్చియు ఒక పాఠము కలదు. మబ్బులేని రాత్రి నేలయందలి వేడి ఆకాశమునకు పోవును. చల్లబడిన గాలి బరువెక్కి పల్లమునకు జాఱును. అందుచేత వాగు ఒడ్డున పడుకొన్నవాడు వణకుచుండగా, పదిగజములు ఎత్తున బండ ప్రక్కన పడుకొన్నవాడు హాయిగా నిద్రించును. పగలు కాగిన నల్లఱాతి బండ అర్ధరాత్రి దాటువఱకును వెచ్చగా నుండును. ఎగువన వాన కురిసిన వాగు హఠాత్తుగా పొంగును గనుక వాగు గర్భమున పక్క పఱచుట ఎన్నడును తగదు.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండినవాడు. ఆయన 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరి, ఉత్తరదేశమంతయు తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ఆ యాత్ర యనగా మజిలీ వెంబడి మజిలీయే. ఒక్క రాత్రి చక్కగా గడపుట యెఱిగినవానికే నాలుగువందల రాత్రులు చెల్లును.

మొదటి పర్యాయము పొరపాట్లు తప్పవు. అగ్గిపెట్టె మఱచిన, ఉప్పు మఱచిన, ఒక్క రాత్రి విడిదిలో నవ్వులాటగా ముగియును. దూరపు కొండలలో నాలుగవ రాత్రి అదే పొరపాటు ప్రాణముమీదికి వచ్చును. 2014 మే 25న ఎవరెస్టు శిఖర మెక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మీవంటి ప్రభుత్వ గురుకుల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. వారి శిక్షణ మొదలైనది హిమాలయములందు కాదు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి బండపై. అటు పిమ్మటనే డార్జిలింగు, లడఖు. ఎవరెస్టును సైతము ఒక విడిదినుండి మఱియొక విడిదికి చేరుచు ఎక్కుదురు గాని ఒక్క పరుగున ఎక్కరు.

అయినను ప్రతి ఒక్క రాత్రి విడిదియు శ్రమకు తగినదని నేననను. పోయివచ్చుటకు పట్టు కాలము అచ్చట నుండు కాలమును మించినచో అది బస్సు ప్రయాణమే గాని విడిది కాదు. నల్లగొండనుండి నల్లమల యందలి ఫరహాబాదు ఒక్క రాత్రికై పోయివచ్చుటకు దూరము. అదియు గాక అది అమ్రాబాదు పులుల అభయారణ్యము. అటవీశాఖ అనుమతి లేక అచ్చట రాత్రి నిలువరాదు. దేవరకొండ, రాచకొండ దుర్గములను పగలు చూచి, రాత్రికి దిగువ గ్రామపు బడి వసారాలోనో, రైతు అనుమతితో కోసిన చేనిలోనో ఉండుట మేలు. నడచిపోగల దూరమే మొదటి విడిదికి తగిన దూరము.

దినము నిర్ణయించుటకు ముందు తలిదండ్రుల నడుగుడు. వేరుసెనగ పీకు వారమునను, వరి కోతల వారమునను పల్లెపిల్లలకు తీరిక యుండదు. శివరాత్రి దాటిన నేల కాగుట మొదలిడును. సంక్రాంతి సెలవులలో, పొలము పనులు సడలిన రెండు మూడు రోజులను చూచుకొని, చంద్రుడు లేని రాత్రిని పంచాంగమున వెదకుడు. తెల్లవారిన పిదప బయలుదేరుటకు ముందు పొయ్యిలో నీరు పోసి, బూడిదపై చేయి యుంచి చల్లనైనదో లేదో చూచి, తలలు లెక్కించుకొని కదలవలెను.